అడిగే దిక్కు లేనోళ్లు

సూర్యాపేటలోని ఆ ప్రైవేటు బ్యాంకులో ఒక ఇత్తడి గంట ఉండేది. మేనేజర్ గది తలుపు పక్కన మేకుకు వేలాడేది. ఎవరైనా ఒక బీమా పాలసీ అమ్మితే, అమ్మినవాళ్లు లేచి వెళ్లి ఆ గంట కొట్టాలి. మిగతావాళ్లు ఉన్నచోటే నిలబడి చప్పట్లు చరచాలి. పాస్‌బుక్ ప్రింటు కోసం వచ్చిన ముసలివాళ్లలో కొందరు ఏదో పూజ జరుగుతోందనుకుని లేచి దండం పెట్టేవారు. వాళ్లు అలా చేతులు జోడించినప్పుడల్లా త్రివేణి చప్పట్లు ఆపేసేది.

త్రివేణి అక్కడ రిలేషన్‌షిప్ మేనేజర్. డబ్బున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఏది ఎక్కడ పెడితే పెరుగుతుందో సలహా చెప్పే పని అని చేర్చుకునేటప్పుడు అన్నారు. చేరిన వారానికే అది సలహా చెప్పడం కాదు, అమ్మడం అని తెలిసిపోయింది. నల్లగొండలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల. నాన్న లేడు, తల్లి కమలమ్మ మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటుంది. సూర్యాపేటలో ఇంటి దగ్గరే, మెడలో ఐడీ కార్డుతో, నెల తిరిగేసరికి ఖచ్చితంగా జీతం వచ్చే ఉద్యోగం దొరికితే కాదనే స్థితి కాదు ఆమెది. అలా ఆరేళ్లు గడిచాయి.

ఆమె పై అధికారి యుగంధర్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు బ్రాంచీలూ అతని కిందే. మనిషి ఎప్పుడూ ఇస్త్రీ చెదరని చొక్కాలో, సువాసనలు చిమ్ముతూ ఉంటాడు. ఖాతాదారు ఇంటికి వెళ్తే ముందు పెద్దల కాళ్లకు దండం పెడతాడు, ఇచ్చిన చాయ్ చుక్క మిగల్చకుండా తాగుతాడు, చేతిలో చెయ్యేసి మాట్లాడతాడు. బయటికొచ్చి కారెక్కగానే డ్యాష్‌బోర్డు మీది శానిటైజర్ సీసా తీసి అరచేతులు రెండూ మణికట్టు దాకా రుద్దుకుంటాడు. మొదటిసారి చూసినప్పుడు త్రివేణి అది కరోనా రోజుల అలవాటేమో అనుకుంది. తర్వాత గమనిస్తే, లాయరు ఇంట్లోనుంచో డాక్టరు ఇంట్లోనుంచో వస్తే అతను ఆ సీసా ముట్టుకోడు. పెన్‌పహాడ్ రైతు ఇంటినుంచి వస్తేనే ముట్టుకుంటాడు.

ఒకరోజు ఇద్దరూ మిర్యాలగూడ వెళ్లారు. కాటయ్య అనే రైసుమిల్లు యజమానిని కలవడానికి. మిల్లు ఆవరణలో తవుడు గాలిలో తేలుతోంది, హమాలీలు లారీకి బస్తాలు ఎత్తుతున్నారు. కాటయ్య కూర్చోమనలేదు. యుగంధర్ ఇచ్చిన రంగుల కాగితాన్ని వెలుతురుకు పట్టి, వెనకా ముందూ తిప్పి చూశాడు.

“ఏం సార్, గీ కాయితంల నేను కట్టెదెంతో పెద్దగ రాసిన్రు. నాకొచ్చేది బొమ్మ గీసిన్రు. మీకు ముట్టేది యాడ రాసిన్రు?”

“అయ్యో సార్, మాకేముంటది, మీ సేవ కోసం…”

“సేవ జేసెటోడు ఏసీ కార్ల రాడు. నా కొడుకు సీయే సదివిండు, ఆనికి జూపిస్త. ఆడు ఊకొడితె అప్పుడు సూద్దాం.” కాటయ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని లారీ దిక్కు వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో యుగంధర్‌కు కోపం రాలేదు. అతనికి ఇది మామూలే. సోంపు గింజలు నోట్లో వేసుకుని నింపాదిగా చెప్పాడు. “సూడు త్రివేణీ, గీడ మన పప్పులుడకయ్. పెద్దోళ్లకు సీయే ఉంటడు, లాయరుంటడు, ఎదురు ప్రశ్న ఏసె కొడుకులుంటరు. మనకు గావాల్సింది కోదాడ. రిటైరైన టీచర్లు, నర్సులు. ఒక్కలే ఉంటరు. పావుగంట కూసొని మంచిగ మాట్లాడితె కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటరు. నువ్వు కోదాడ హైస్కూల్ల సదివినవ్ గదా? మీ టీచర్లెవరన్న ఉన్నరా?”

“ఉన్నరు సార్. కానీ వాళ్ల దగ్గరికి నేను పోను.”

“ఎందుకు?”

“పాఠం చెప్పినోళ్లు సార్.”

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు అక్కడితో అయిపోయిందనుకుంది త్రివేణి.

ఆ తర్వాత కొన్నాళ్లకు తల్లి మోకాలి చికిత్స కోసం ఆమె వారం సెలవు పెట్టింది. తిరిగి బ్యాంకుకు వచ్చేసరికి లోపల కేకు కోస్తున్నారు. నెల టార్గెట్ దాటిందట. కోదాడలో పెద్ద కేసు పడిందట. యుగంధర్ స్వయంగా ఒక ముక్క కాగితం పళ్లెంలో పెట్టి ఆమెకు ఇచ్చాడు. “తిను తిను, నీ పుణ్యమే” అన్నాడు. మాటవరసకు అన్నాడనుకుని తినేసింది.

కొన్ని రోజులకు కృప టీచర్ ఫోన్ చేసింది. ఎనిమిదో తరగతి నుంచి పది దాకా త్రివేణికి లెక్కలు చెప్పిన టీచరు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కోదాడలో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం చర్చి, మిగతా రోజులు మొక్కలు, పేపరు, పిల్లలెవరైనా వస్తే లెక్కలు. అదీ ఆమె జీవితం.

“ఏమ్మా త్రివేణీ, థ్యాంక్స్ చెబుదామని చేశాను. నువ్వు పంపిన అబ్బాయి చాలా మర్యాదస్తుడమ్మా. బత్తాయిలు కూడా తెచ్చాడు.”

“ఏ అబ్బాయి టీచర్?”

“మీ యుగంధర్ గారు. నువ్వే పంపావన్నాడుగా. కంటి ఆపరేషన్ అయి నాలుగు రోజులే అయింది, అక్షరాలు కనిపించట్లేదు బాబూ అంటే, ఫర్వాలేదు మేడమ్, నేను చదివి వినిపిస్తానన్నాడు. ఓపిగ్గా మొత్తం చదివాడు. ఒక్కసారి వేస్తే చాలు, ఎఫ్‌డీ కంటే మంచిదట కదా.”

త్రివేణి ఫోను చెవికి ఆనించుకునే వాష్‌రూమ్‌లోకి నడిచింది. ఆ కేకు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, అయినా దాని తీపి ఇప్పుడే గొంతులోకి ఎగదన్నినట్టయింది. నల్లా తిప్పి నోరు పుక్కిలించుకుంది. ఎంత పుక్కిలించినా పోలేదు.

ఆ మధ్యాహ్నమే కోదాడ బస్సెక్కింది. టీచర్ ఇంట్లో పాలసీ కాగితాల కవరు విప్పకుండా బైబిలు పక్కన భద్రంగా పెట్టి ఉంది. త్రివేణి విప్పి చదివింది. ఒక్కసారి వేసే డబ్బు కాదది. ఏటా అంతే మొత్తం, పదేళ్లపాటు కట్టాలి. మధ్యలో ఆపితే కట్టినదాంట్లో చాలా భాగం గోవిందా. రిటైరైనప్పుడు టీచరుకు వచ్చిన డబ్బంతా రెండు మూడేళ్లలో ఊడ్చుకుపోతుంది.

“ఇందులో ఉన్నది అతను నాకు చదివి వినిపించిందే కదమ్మా?” అంది టీచర్, నల్లద్దాల వెనకనుంచి.

“కాదు టీచర్. ఇందులో లేనిది చదివిండు.”

టీచర్ ఆ కాగితాలను చేత్తో తడిమింది. “బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, అన్నిటికీ అవునని చెప్పండి అన్నాడు. చెప్పాను. ముప్ఫై మూడేళ్లు పిల్లలకు ఎందుకు అని అడగమని చెప్పినదాన్ని. నేను అడగలేదు.” ఆ మాట తన మీద తనకు అసహ్యం పుట్టినట్టుగా అంది. త్రివేణికి ఒళ్లు మండింది. అసహ్యపడాల్సినవాడు సోంపు నములుతూ తిరుగుతున్నాడు, ఈమె సిగ్గుపడుతోంది.

పాలసీ చేతికొచ్చిన నెలలోపు వద్దనుకుంటే డబ్బు వాపసు చేయాలన్న నిబంధన ఒకటి ఉంది. గడువు ఇంకా కొద్దిగా మిగిలే ఉంది. త్రివేణి అక్కడే కూర్చుని అర్జీ రాసింది, టీచర్‌తో సంతకం పెట్టించింది, మర్నాడు తానే కౌంటర్లో ఇచ్చి ముద్ర వేయించుకుంది. గంటలోపే యుగంధర్ గదిలోకి పిలుపు వచ్చింది.

“కోసిన కేకు తిరిగి అతుకుతదా త్రివేణీ? నీకేం నష్టమొచ్చింది చెప్పు.”

“ఆమెకు కండ్లు కనబడని రోజులల్ల పోయిన్రు సార్ మీరు.”

“ఎవరికి కనబడ్తయ్? అందరు గుడ్డిగనే సంతకం పెడ్తరు.” అతను నిజంగానే అర్థం కానట్టు చూశాడు. “అరే, ఆమెకు మొగడు లేడు, పిల్లలు లేరు. పోయినంక ఆ పైసలు ఏ చర్చికో పోతయ్. అడిగే దిక్కు లేనోళ్లు. నువ్వెందుకు గింత పరేషానైతున్నవ్?”

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో క్రూరత్వం లేదు. ధాన్యం రేటు చెప్పినట్టు చెప్పాడు. త్రివేణి ఆ క్షణం నుంచి అతని ముఖంలోకి చూడలేకపోయింది. మురికి కాలువ మూత తెరిచినప్పుడు మనిషి తల తిప్పుకున్నట్టు, దానంతటదే తల పక్కకు పోయేది. టీచర్ డబ్బు తిరిగి వచ్చింది. అది ఖాతాలో పడిందని తెలిసిన రోజునే త్రివేణి రాజీనామా ఇచ్చింది.

“మంచి కొల్వు ఇడిసిపెట్టి ఏం జేస్తవే?” అంది కమలమ్మ.

“లెక్కలు చేస్త అమ్మా. మనుషులతోని పనిలేని కొల్వు.”

అలాంటి కొలువు ఒకటుందని ఆమెకు చదువుకునే రోజుల్లోనే తెలుసు. షేర్ల ధరలు ఎంతగా ఊగుతాయో, ఒక కంపెనీ ఎంత నష్టాన్ని తట్టుకోగలదో గణితంతో, కంప్యూటర్ కోడుతో లెక్కగట్టే పని. ఆ రంగంలో దాన్ని క్వాంట్ అంటారు. అక్కడ ఎవరి కాళ్లకూ దండం పెట్టనక్కర్లేదు, ఎవరి ముందూ నవ్వనక్కర్లేదు. ఆమెకు కావలసిందల్లా అదే.

కృప టీచర్ ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉంది. త్రివేణి తల్లిని తీసుకుని కోదాడ వచ్చేసి ఆ గదిలో కిరాయికి దిగింది. కిరాయి వద్దని టీచర్, తీసుకోకపోతే దిగనని త్రివేణి కొంతసేపు వాదులాడుకుని సగం దగ్గర రాజీపడ్డారు. చదువు మొదలైంది. మర్చిపోయిన మాత్రికలు, సంభావ్యత, ఆ తర్వాత ఎన్నడూ చదవని కొత్త పాఠాలు. పగలంతా కోడు రాయడం నేర్చుకునేది. సాయంత్రం కిందికి దిగి, నేర్చుకున్నది టీచరుకు చెప్పేది. ఆ లెక్కలు టీచర్‌కూ కొత్తవే. కానీ ప్రతి వరుస దగ్గరా “ఎందుకు?” అని ఆపేది. నీటిలో పుప్పొడి రేణువు ఎటు పడితే అటు ఊగినట్టు ధర ఊగుతుందని త్రివేణి చెబితే, “పుప్పొడికి ఆశ ఉండదు కదమ్మా, కొనేవాడికి ఉంటుంది కదా. మరి రెండూ ఒకటెట్లా అవుతాయి?” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి త్రివేణికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులే ఆమె జీవితంలో బాగున్న రోజులు.

ఇంటర్వ్యూలు మాత్రం అంత బాగా సాగలేదు. ముంబై కంపెనీవాడొకడు ఆమె పాత ఉద్యోగం పేరు చదివి, “ఓహో, సేల్స్” అని తన కెమెరా ఆపేసుకుని, మిగతా పది నిమిషాలూ చీకట్లోంచే మాట్లాడాడు. బెంగళూరు ఆమె ఒకతి, ముప్ఫై దాటాక ఎందుకు ఈ తిప్పలు అని జాలిపడింది. త్రివేణి పళ్లు బిగబట్టి మళ్లీ పుస్తకం తెరిచేది. చివరికి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ఆమెను పిలిచింది. దాని పెద్ద సురేందర్. హుజూర్‌నగర్ మనిషే. ముంబైలో పదేళ్లు పనిచేసి వచ్చాడు. నాణెం ఎగరేస్తూ పోతే వరుసగా రెండు బొమ్మలు పడటానికి సగటున ఎన్నిసార్లు ఎగరేయాలని అడిగాడు. ఆమె ఆరు అని చెప్పి, ఎందుకు ఆరో బోర్డు మీద రాసి చూపించింది. “ఆరు అని శానా మంది చెప్తరు. ఎందుకో మీరే చెప్పిన్రు” అన్నాడు. ఇంటినుంచే పని. నెలకు రెండుసార్లు హైదరాబాదు వస్తే చాలు.

మొదటి కొన్ని నెలలు పని ఎంత శుభ్రంగా ఉందంటే, ఆమెకు తన చేతులు కూడా శుభ్రపడినట్టు అనిపించింది. బంగారం ధర, రూపాయి మారకం, వడ్డీ రేట్లు. అంకెలు వచ్చేవి, అంకెలు పోయేవి. ఏ అంకె వెనకా నల్లద్దాలు లేవు.

అప్పుడు కొత్త ప్రాజెక్టు వచ్చింది. చాలా బ్యాంకుల తరఫున పాలసీలు అమ్మిపెట్టే ఒక పెద్ద సంస్థ తన ఖాతాదారుల వివరాలు పంపింది. పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, లక్షల వరుసలు. పాలసీ తీసుకున్నవాళ్లలో ఎవరు నెలలోపు రద్దు చేయమంటారో, ఎవరు ఫిర్యాదు చేస్తారో ముందే అంచనా వేసే మోడల్ తయారుచేయాలి. త్రివేణికి ఈ పని నచ్చింది. మోసం ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడానికే ఇది అనుకుంది. ఎవరు అసంతృప్తిగా ఉంటారో ముందే తెలిస్తే వాళ్లకు అలాంటివి అమ్మకుండా ఆపవచ్చు కదా అనుకుంది. ఎవరూ ఆమెకు ఆ మాట చెప్పలేదు. తానే అనుకుని, రాత్రనక పగలనక పనిచేసింది. మోడల్ అద్భుతంగా వచ్చింది. వయసు, ఒంటరితనం, వారసుడిగా ఎవరి పేరు రాశారు, ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరుస్తారా లేదా, ఈమధ్య ఆస్పత్రికి డబ్బు కట్టారా, ఇంతకుముందు ఎప్పుడైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా, వీటిని బట్టి మనిషి నోరు తెరుస్తాడో లేదో నూటికి తొంభై సార్లు సరిగ్గా చెప్పేస్తోంది.

“మిగిలిన పదిట్ల ఎందుకు తప్పుతున్నదో సూడుండ్రి” అన్నాడు సురేందర్. “అన్నిటికంటె పెద్ద తప్పు ఎక్కడ జరిగిందో అక్కడి నుంచి మొదలువెట్టుండ్రి.”

అది ఈ వృత్తిలో అందరూ చేసేదే. మోడల్ ఎక్కడ ఘోరంగా తప్పిందో ఆ వరుసలు బయటికి తీసి చూస్తారు. త్రివేణి తీసింది. అన్నిటికంటే పైన వచ్చిన వరుసను మామూలుగా చదవడం మొదలుపెట్టింది. స్త్రీ. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి. అవివాహిత. వారసుడు: ఒక చర్చి. పాలసీ తీసుకున్న వారంలోనే కంటి ఆస్పత్రికి చెల్లింపు. యాప్ ఎన్నడూ తెరవలేదు. ఊరు: కోదాడ. ఈ మనిషి రద్దు చేయమని అడగదని మోడల్ గట్టిగా నమ్మింది. ఈ మనిషి మాత్రం అడిగింది.

కింద పెరట్లో టీచర్ మొక్కలకు నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

మోడల్ ఎందుకు తప్పిందో త్రివేణికి తెలుసు. ఆ మధ్యాహ్నం తాను బస్సెక్కింది కాబట్టి. ఆ సంగతి చెప్పే గడి ఆ లక్షల వరుసల్లో ఎక్కడా లేదు. మోడల్ తెలివితక్కువది కాదు. సరిగ్గా యుగంధర్ లాగే ఆలోచించింది. కాకపోతే అతను ఊరికొకరిని వెతుక్కునేవాడు, ఇది దేశమంతా ఒక్క క్షణంలో వెతికిపెడుతుంది. పైగా దీన్ని తయారుచేసింది తాను.

సురేందర్‌కు ఫోన్ చేసింది. “సార్, ఈ స్కోరుతోని వాళ్లేం జేస్తరు?”

“వరుసగ పేర్చుకుంటరు. ఎవరికి ముందు ఫోన్ చెయ్యాల్నో తెలుస్తది కదా.”

“ఎట్ల పేర్చుకుంటరు? ఫిర్యాదు చేసెటోళ్లు పైన ఉంటరా, చెయ్యనోళ్లా?”

“త్రివేణి గారూ, మీరు అమాయకులు కాదు. బ్యాంకుల పనిజేసి వచ్చిన్రు. ఫిర్యాదులు తగ్గాలన్నది వాళ్ల లక్ష్యం. చెయ్యనోళ్లకు అమ్మితే తగ్గుతయ్.”

“ఫిర్యాదు చెయ్యనోళ్లు సంతోషంగ ఉన్నోళ్లు కాదు సార్. అడిగే దిక్కు లేనోళ్లు.” తన నోటినుంచి యుగంధర్ మాటే వచ్చినందుకు ఆమెకు నాలుక చేదెక్కింది.

“మనం కత్తి చేసిస్తం. కూరగాయలు కోస్తరో ఇంకేం కోస్తరో వాళ్లిష్టం. లెక్కకు పాపపుణ్యాలుండయ్.” గొంతులో ఎక్కడా పొగరు లేదు. ఎంతో మర్యాదగా చెప్పాడు. “మీకు ఇబ్బందైతే ఈ ప్రాజెక్టు నుంచి తీసేస్త. మళ్ల రూపాయి లెక్కలు చూసుకోండి.”

తీసేశాడు కూడా. కానీ మోడల్ అప్పటికే అప్పగించేశారు. కోడు ఆమె చేతుల్లో లేదు. ఆమె సురేందర్ పైనున్న యజమానులకు రాసింది. జవాబు రాలేదు. పాలసీ కంపెనీలపై అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థకు రాసింది. అందినట్టు ఒక నంబరు వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. రూపాయి లెక్కలు మళ్లీ ముందేసుకుంది గాని, తెర మీద కనిపించే ప్రతి అంకె వెనకా ఎవరో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నట్టుండేది. అన్నం సహించేది కాదు. నెల తిరక్కుండానే ఆ ఉద్యోగమూ వదిలేసింది.

టీచరుకు అన్నీ చెప్పింది. ఓదారుస్తుందనుకుంది. టీచర్ ఓదార్చలేదు.

“నువ్వు ముందే అడగాల్సింది, ఎందుకు చేస్తున్నాం అని.”

“అవును టీచర్.”

“నేను కూడా అడగలేదులే.” టీచర్ అద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. “ఇప్పుడు ఆ మోడల్ చూపుకి నేను ఆనతానా?”

“ఆనరు. ఒక్కసారి రాతపూర్వకంగ ఫిర్యాదు చేసినోళ్లను అది అడుగుకు తోసేస్తది. వాళ్ల జోలికి పోదు.”

ఆ మాట అన్నాక త్రివేణి ఆగిపోయింది. టీచర్ కూడా ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఎలాంటి ఫిర్యాదైనా సరేనా?” అంది టీచర్.

“ఏదైనా సరే. దానికి ఫిర్యాదు చేసిన్రా లేదా అన్నదే తెలుసు.”

కంపెనీ రహస్యాలు బయటపెట్టనని త్రివేణి సంతకం చేసి ఉంది. కానీ బ్యాంకు మీద ఫిర్యాదు రాయమని మనుషులకు చెప్పడంలో ఏ కంపెనీ రహస్యమూ లేదు. తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక కోదాడ పెన్షనర్ల సంఘం గదిలో టీచర్ అందరినీ కూర్చోబెట్టింది. త్రివేణి రెండే మాటలు చెప్పింది: ఎవరు వచ్చి ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా నెలలోపు వద్దనే హక్కు ఉంది, ఇవాళే ప్రతి ఒక్కరూ బ్యాంకుకు ఒక ఫిర్యాదు రాయాలి.

“నాకేం తకరారు లేదు గద బిడ్డా, ఏం రాయాలె?” అన్నాడు రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన.

“బ్యాంకుల ఫ్యాను తిరుగుతదా పెదనాయినా?”

“యాడ తిరుగుతది. మూడేండ్ల నుంచి తిరుగుతలేదు.”

“అదే రాయండి.”

ఒకసారి మొదలయ్యాక ఎవరినీ అడగనవసరం లేకపోయింది. ముసలివాళ్లకు కూర్చునేందుకు బల్ల లేదని ఒకరు, తాగేందుకు నీళ్లు లేవని ఒకరు రాశారు. ఆస్పత్రిలో నర్సుగా చేసిన వీరమ్మ, “పెన్నుకు తాడు కట్టారు, మేమేమన్నా దొంగలమా?” అని రాసి, సంతకం కింద రెండు గీతలు గీసింది. ఏళ్ల తరబడి నోట్లోనే అణిగి ఉన్న మాటలు కాగితాల మీదికి దొర్లాయి. వచ్చే వారాల్లో సూర్యాపేటలో, మిర్యాలగూడలో కూడా అలాగే కూర్చోబెట్టారు. మిర్యాలగూడలో కాటయ్య మిల్లులో పనిచేసి మానేసిన ముసలి హమాలీలు కూడా వచ్చి, రాయడం రానివాళ్లు చెప్పి రాయించుకుని వేలిముద్రలు వేసి వెళ్లారు.

ఇంతలో త్రివేణి మళ్లీ ఉద్యోగాల వేటలో పడింది. ఈసారి ప్రతి ఇంటర్వ్యూలో, అవతలివాళ్ల ప్రశ్నలన్నీ అయ్యాక, తానొక ప్రశ్న అడిగేది: “మీ మోడల్ ఎవరి మీద వాడుతరు?” రెండు చోట్ల ఆ ప్రశ్నతోనే వ్యవహారం ముగిసింది. మూడో చోట, వాన పడకపోయినా ఎక్కువ పడినా ఏ మండలంలో పంట ఎంత పోతుందో లెక్కగట్టే సంస్థలో, “ఆ వివరాలన్నీ రాతపూర్వకంగా ఇస్తాం, చదువుకుని రండి” అన్నారు. చదివింది. రెండుసార్లు చదివింది. చేరింది. జీతం తక్కువ. అయినా అన్నం సహిస్తోంది.

ఒకరోజు యుగంధర్ ఫోన్ చేశాడు. పాత ప్రేమ ఒలికిస్తూ మొదలుపెట్టాడు.

“ఏం త్రివేణీ, మీ కోదాడోళ్లకు ఏం రోగమొచ్చింది? ఫ్యానట, బల్లట, పెన్నట. కట్టలకు కట్టలు కంప్లైంట్లు. పైనుంచి మాకు వచ్చే పేర్లల్ల ఇగ కోదాడోళ్లే వస్తలేరు. సూర్యాపేట సుత లేదు.”

త్రివేణి మనసులో ఒక్క క్షణం గట్టిగా నవ్వుకుంది.

“నాకేం ఫికర్ లేదులే” అన్నాడు అతను తాపీగా. “ఇప్పుడు హుజూర్‌నగర్ పేర్లు ఎక్కువొస్తున్నయ్. పెన్‌పహాడ్ వస్తున్నయ్. ఒక మడి ఎండితే ఇంకో మడికి నీళ్లు మలుపుకుంటం.”

ఫోన్ పెట్టేశాక ఆమె నవ్వు విరిగిపోయింది. ఇదీ అసలు రోత. ఆ మోడల్ ఎవరినీ వదిలేయదు, పక్కవాడి మీదికి తిరుగుతుందంతే. కోదాడలో ఒకరు తప్పించుకుంటే హుజూర్‌నగర్‌లో ఒకరు ఆ చోటికి ఎక్కుతారు. తాను తయారుచేసిన యంత్రం ఇప్పుడు తనకు తెలియని గడపలు వెతుక్కుంటూ తిరుగుతోంది. ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడింది. తర్వాత, యుగంధర్ కారెక్కగానే అరచేతులు రుద్దుకోవడం గుర్తొచ్చి, నల్లా కట్టేసింది.

ఆ ఆదివారం టీచరూ త్రివేణీ హుజూర్‌నగర్ బస్సెక్కారు. అక్కడ తెలిసినవాళ్లు తక్కువ. మార్కెట్ వెనక ఒక గది ఇప్పించారు గాని, వచ్చింది పట్టుమని పదిమంది కూడా కాదు. వాళ్లలో ఇద్దరు చాయ్ తాగి వెళ్లిపోయారు. చివర్లో దీప్లా అనే మాజీ ఫారెస్టు వాచరు, చేతికర్ర గోడకు ఆనించి, బెరుకుగా దగ్గరికి వచ్చాడు.

“బిడ్డా, నిన్నగాక మొన్న ఒకాయన ఇంటికొచ్చిండు. శానా మంచోడు. కాళ్లు మొక్కిండు. గుండె ఆపరేషన్ అయ్యి నేను పండుకొని ఉంటి. ఏదో కాయితం మీద సంతకం వెట్టిచ్చుకున్నడు. ఫిక్స్‌డ్ అన్నడు. అది మంచిదేనా?”

త్రివేణి గొంతులో మళ్లీ ఆ పాత తీపి ఎగదన్నింది. ఈసారి వాష్‌రూమ్‌కు పరుగెత్తలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“ఆ కాయితం మీ దగ్గర ఉందా తాతా?”

“ఇంట్ల ఉంది.”

“ఇల్లెంత దూరం?”

“గీడికి దగ్గరనే. ఆటో ఎక్కితే ఐపాయె.”

టీచర్ అప్పటికే సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఆటోను పిలుస్తోంది. దీప్లా కర్ర అందుకుని, త్రివేణి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.